స్కిరిడ్ కొండ పెద్దవాళ్లతో, పిల్లాడితో: ఏ దారి, ఏ రోజు, ఎంతవరకు

మీ ప్రశ్న ఇదీ: బ్రిస్టల్‌లో ఉంటున్నారు. మార్చి నెలాఖరుకి ఇండియా నుంచి అమ్మానాన్న వస్తున్నారు. నాన్నగారికి 66 ఏళ్లు, బీపీ మాత్రలు వాడతారు, కుడి మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. బాబుకి ఏడేళ్లు. వేల్స్ సరిహద్దులో అబర్గవెన్నీ పక్కనున్న స్కిరిడ్ కొండ 486 మీటర్లే కదా, అందర్నీ తీసుకెళ్లొచ్చా, ఎంతసేపు పడుతుంది, కొత్త బూట్లు కొనాలా?

తీసుకెళ్లొచ్చు. కాకపోతే ఆ "486 మీటర్లే కదా" దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఈ కొండ మీద ఇబ్బంది పెట్టేది ఎత్తు కాదు. బురద, గాలి, దిగుడు. ఈ మూడింటికీ సిద్ధపడి వెళ్తే, శిఖరం దాకా వెళ్లినా వెళ్లకపోయినా మీ అమ్మానాన్నలకు మంచి రోజే అవుతుంది.

అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్లిన మనిషికి ఇదో కొండా అనిపించడం సహజం. అక్కడ 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్ల దారి. ఇక్కడి ఎక్కుడు అందులో సగం కూడా ఉండదు. కానీ అక్కడ దారి పొడుగునా మెట్లు కట్టి ఉంటాయి, నీడ ఉంటుంది, తాగడానికి నీళ్లుంటాయి, కూర్చోడానికి చోటుంటుంది, దిగిరావడానికి బస్సుంటుంది. స్కిరిడ్ మీద ఇవేవీ లేవు. ముఖ్యంగా ఆ చివరిది లేదు: ఎంత ఎక్కితే అంతా మళ్లీ కాళ్లతోనే దిగాలి.

ముందు అంకెలు సరిచూసుకుందాం. 486 మీటర్లనేది సముద్రమట్టం నుంచి ఎత్తు. మీరు ఎక్కేది అంత కాదు. కార్ పార్క్ నుంచి శిఖరానికి దాదాపు 300 మీటర్ల ఎక్కుడు, ఒకవైపు సుమారు 2 కిలోమీటర్ల నడక. ఏ కొండకైనా చూడాల్సింది ఈ రెండో లెక్కే. పక్కనున్న షుగర్ లోఫ్ 596 మీటర్లు, అంటే స్కిరిడ్ కంటే పెద్దది. అయినా దాని దక్షిణం వైపు మునిద్ లాన్‌వెనార్త్ కార్ పార్క్ బాగా పైన ఉంది కాబట్టి అక్కడినుంచి ఎక్కాల్సింది సుమారు 250 మీటర్లే.

కొండ నడకకు టైము కట్టే పాత సూత్రం ఒకటుంది, స్కాట్లండ్‌లో విలియం నైస్మిత్ 1892లో చెప్పింది: 5 కిలోమీటర్ల నడకకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఇంకో గంట. ఆ లెక్కన స్కిరిడ్ పైకి 24 నిమిషాలూ 30 నిమిషాలూ కలిపి 54. అది ఎక్కడా ఆగకుండా నడిచే గట్టి మనిషి లెక్క. మీ బృందానికి దాన్ని ఒకటిన్నర రెట్లు చేయండి: పైకి 80 నుంచి 90 నిమిషాలు, పైన అరగంట, దిగడానికి గంట. దిగుడు కదా, తొందరగా అయిపోతుందిలే అనుకోవద్దు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి దిగడానికే ఎక్కువ పట్టినా ఆశ్చర్యం లేదు. మొత్తం మూడు గంటలు పక్కన పెట్టుకుని, ఉదయం పదింటికల్లా కార్ పార్క్‌లో ఉండేలా బయల్దేరండి. ఎండ కాసే శని, ఆదివారాల్లో ఆ తర్వాత బండికి చోటు దొరకడం కష్టం.

బ్రిస్టల్ నుంచి కారులో గంట పైచిలుకు. సెవర్న్ వంతెనల మీద టోల్ 2018 డిసెంబర్‌లోనే ఎత్తేశారు. అబర్గవెన్నీ ఊళ్లోంచి స్కెన్‌ఫ్రిత్ వైపు వెళ్లే బి4521 రోడ్డు పట్టుకుంటే, ఊరి నడిబొడ్డు నుంచి దాదాపు నాలుగు కిలోమీటర్లకు ఎడమచేతి వైపు నేషనల్ ట్రస్ట్ (ప్రకృతినీ పాత కట్టడాలనూ కాపాడే స్వచ్ఛంద సంస్థ) కార్ పార్క్ వస్తుంది. సభ్యులకు ఉచితం, మిగతావాళ్లు డబ్బు కట్టాలి. శాట్‌నావ్‌లో ఉత్త "స్కిరిడ్" అని కొట్టకండి. కొండకు ఉత్తరాన లాన్‌విహాంగెల్ క్రుకోర్నీ అనే పల్లెలో స్కిరిడ్ ఇన్ అనే పాత పబ్ ఉంది, అక్కడికి తీసుకెళ్లిపోవచ్చు. ఊరికి దగ్గర్లో లిటిల్ స్కిరిడ్ అని ఇంకో చిన్న గుట్ట కూడా ఉంది. వేల్స్ భాషలో మన కొండ పేరు అస్గిరిడ్ వౌర్. బోర్డుల మీద రెండు పేర్లూ కనిపిస్తాయి. టాయిలెట్ పని అబర్గవెన్నీలోనే చూసుకుని రండి. బీపీకి నీరు పోయే మాత్ర వాడే పెద్దవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఆ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఇండియాలో బయల్దేరే ముందే డాక్టర్‌ని అడిగి ఉంచమనండి. మెట్లెక్కితే ఛాతీలో పట్టేసినట్టు ఉంటోందని ఆయన ఎప్పుడైనా అని ఉంటే మాత్రం ఈ కొండ వద్దు.

కారు లేనివాళ్లు ఎవరైనా చదువుతుంటే: కార్డిఫ్, న్యూపోర్ట్, హెరెఫర్డ్‌ల నుంచి అబర్గవెన్నీకి నేరుగా రైళ్లున్నాయి. స్టేషన్ నుంచి కాలినడకన కొండపైకి ఆరేడు కిలోమీటర్లు, అంటే రానూపోనూ రోజంతా. అది పెద్దవాళ్లతో చేసే పని కాదు.

ఇక దారి. కార్ పార్క్ నుంచి మొదట పొలం గట్టు పక్కగా తేలికపాటి ఎక్కుడు. తర్వాత గేటు దాటితే అడవి. అసలు శ్రమ ఇక్కడే మొదలవుతుంది: దారి నిటారుగా, అక్కడక్కడా మెట్లతో లేస్తుంది. మెట్ల ఎత్తు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, అదే మోకాళ్లకి చెడ్డది. అడవి పైఅంచున మళ్లీ ఓ గేటు, అక్కడినుంచి ఆకాశం తెరుచుకుంటుంది. ఆ పైన ఇంకో నిటారు ఎక్కుడు, ఊపిరి ఎగబీల్చేది. అదయ్యాక కొండ వెన్ను మీదికొస్తారు. ఇక చివరి కిలోమీటరు హాయి: వెన్ను మీద నెమ్మదిగా లేస్తూ పోయే దారి, రెండువైపులా లోయలు, ఉత్తరపు కొసన శిఖరం, అక్కడో తెల్ల ట్రిగ్ పాయింట్ స్తంభం (పటాల సర్వే కోసం కట్టింది). అంటే కష్టమంతా మొదటి సగంలోనే. పిల్లాడు సగం దారిలో "ఇంకెంత దూరం" అని ఏడుపు మొదలుపెడితే ఈ మాట చెప్పండి, అబద్ధం కాదు.

ఎక్కడ ఆగి వెనక్కి రావచ్చో కిందే అనుకోండి. మొదటిది అడవి పైనున్న గేటు. రెండోది వెన్ను మొదలయ్యే చోటు. మూడోది శిఖరం. నన్నడిగితే రెండోదే ఈ కొండకు గుండెకాయ. కొండ పేరు చెప్పి జనం పొగిడే దృశ్యంలో ముప్పాతిక వంతు అక్కడే దొరుకుతుంది. నాన్నగారు అక్కడ కూర్చుని టీ తాగి "చాలురా" అంటే సంతోషంగా ఒప్పుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆయన్ని అక్కడ ఒంటరిగా కూర్చోబెట్టి మిగతావాళ్లు శిఖరానికి పోవద్దు. కదలకుండా కూర్చున్న మనిషికి ఆ గాలిలో పది నిమిషాల్లో చలి పట్టేస్తుంది. పెద్దవాళ్లలో ఒకరు ఆయనతో కిందికి దిగాలి, కారు తాళం వాళ్ల దగ్గర ఉండాలి. రెండు జట్లుగా విడిపోయాక తాళం పైకెళ్లినవాళ్ల జేబులో ఉండిపోవడం ఎంత మామూలో చెప్పలేను.

బురద గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ కొండ ఎర్ర ఇసుకరాయిది. భూగర్భ శాస్త్రవేత్తలు ఓల్డ్ రెడ్ సాండ్‌స్టోన్ అంటారు, దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటి డెవోనియన్ కాలపు రాయి. పైన గట్టి ఇసుకరాయి, కింద మెత్తటి మడ్‌స్టోన్, అంటే బురద గట్టిపడి ఏర్పడిన రాయి. ఆ మడ్‌స్టోన్ నానితే ఎర్ర బంకమట్టి అవుతుంది, నీటిని తొందరగా దిగనివ్వదు. అడవిలో ఎండ తగలదు కాబట్టి వాన వెలిసి రెండు మూడు రోజులైనా ఆరదు. మార్చి నెలాఖరంటే చలికాలం వానంతా నేలలోనే ఉంటుంది. ఎక్కేటప్పుడు బురద పెద్దగా బాధించదు, బరువు ముందుకి ఉంటుంది. దిగేటప్పుడు మడమ ముందు ఆనుతుంది, జారితే వెనక్కి పడతారు, చెయ్యి కింద పెడతారు. పెద్ద వయసువాళ్లకి మణికట్టు విరిగేది ఇలాగే.

అందుకని బూట్లు. ఖరీదైన తోలు బూట్లు అక్కర్లేదు. రన్నింగ్ షూస్, స్కూల్ షూస్, అడుగున నున్నగా ఉన్న స్నీకర్లు మాత్రం పనికిరావు. అట్ట కింద నాలుగైదు మిల్లీమీటర్ల లోతు గాడులున్న మామూలు వాకింగ్ షూస్ చాలు. కొనేటప్పుడు మందపాటి ఊలు సాక్సులతో వేసుకుని చూడాలి, ముందు వేళ్లకి వేలెడు ఖాళీ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడుతుంది. అమ్మానాన్న వచ్చిన మొదటి రోజే కొని, వారం పాటు పార్కుకీ షాపుకీ అవే వేసుకెళ్లమనండి. కొండ మీద కొత్త బూట్లు విప్పి చూస్తే బొబ్బలే. డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే, అమ్మకీ నాన్నకీ బూట్లకే పెట్టండి, మీకు కాదు. బండిలో ఒక ప్లాస్టిక్ సంచీ, మార్చుకోడానికి పాత చెప్పులు ఉంచండి. ఆ ఎర్ర మట్టి కారు సీట్లకంటితే వదలదు.

మోకాలికి రెండు విషయాలు. మొదటిది చేతి కర్రలు, ట్రెక్కింగ్ పోల్స్. ఒకటి కాదు, జత తీసుకోండి, రెండూ నాన్నగారికే ఇవ్వండి. నిలబడి కర్ర మొన నేల మీద ఆనించినప్పుడు మోచెయ్యి సమకోణంలో ఉండాలి, అదే సరైన పొడుగు. దిగేముందు ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొడుగు పెంచాలి. ఇది మర్చిపోతే ముందుకి వంగి దిగాల్సి వస్తుంది, బరువంతా మళ్లీ మోకాలి మీదే. రెండోది అడుగు వరస: మెట్టు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఆయనకి కుడి మోకాలు కదా, దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ కర్రలు ముందు కిందపెట్టి, తర్వాత కుడి కాలు, తర్వాత ఎడమ కాలు. నెమ్మదిగా ఉంటుంది, ఉండనివ్వండి. వెనకనుంచి కుర్రాళ్లు వస్తుంటే పక్కకి జరిగి దారి ఇచ్చేయమనండి. వాళ్ల కోసం తొందరపడినప్పుడే జారతారు.

బట్టల్లో జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. చుడీదార్ అయితే కింద అంచు బురదలో నాని బరువెక్కుతుంది. అమ్మగారు చీర తప్ప కట్టరంటే చీలమండల పైకి కట్టుకుని, లోపల లెగ్గింగ్స్ వేసుకుని, కొంగు కోటు లోపలికి దోపమనండి. గేట్ల దగ్గర పట్టుకునేది కొంగే. శాలువా గాలికి నిలవదు. ఒకటే లావు కోటు కంటే పలుచటి మూడు పొరలు మేలు, పైది గాలినీ వాననీ ఆపేదై ఉండాలి. మంకీ క్యాప్ తెచ్చుకుంటే నవ్వకండి, ఆ వెన్ను మీద అంతకన్నా పనికొచ్చేది లేదు. తలా ముప్పావు లీటరు నీళ్లు, ఫ్లాస్కులో టీ, పులిహోర. దారిలో కొళాయి గానీ కొట్టు గానీ లేవు.

ఇప్పుడు గాలి. స్కిరిడ్ వెన్ను మీద చాటన్నది లేదు, చెట్టు లేదు, గోడ లేదు. ఇక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి, అది మనిషిని పక్కనుంచి కొడుతుంది. ఎత్తుతో ఉష్ణోగ్రత తగ్గేది కొంచెమే, 300 మీటర్లకి రెండు డిగ్రీలు. గాలి లెక్క వేరు: 5 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి సున్నా డిగ్రీల్లా ఉంటుంది. ఇంట్లోంచి చూసే ఫోన్ యాప్ అబర్గవెన్నీ ఊరి వాతావరణం చెబుతుంది, కొండది కాదు. మెట్ ఆఫీస్ (బ్రిటన్ వాతావరణ శాఖ) వాళ్లు పర్వత ప్రాంతాలకి విడిగా సూచన ఇస్తారు, అందులో బ్రెకన్ బీకన్స్ ప్రాంతం చూడండి. (ఆ జాతీయ ఉద్యానవనానికే 2023 నుంచి బన్నై బ్రఖైనియోగ్ అనే వేల్స్ పేరు వాడుతున్నారు, రెండూ ఒకటే.) చూడాల్సింది సగటు గాలి కాదు, ఉధృతి, అంటే గస్ట్, ఉన్నట్టుండి విసిరికొట్టే గాలి. గంటకు 25 మైళ్ల లోపైతే వెళ్లండి. 35 దాటితే పిల్లాడూ పెద్దవాళ్లూ వెన్ను మొదట్లోనే ఆగాలి. 45 అంటే ఎవరూ వద్దు. ఇది నా కొలత, మరీ జాగ్రత్త అనిపించినా మీ బృందానికి ఇదే సరి.

మబ్బు సంగతి చూడటం తేలిక. అబర్గవెన్నీ దగ్గరికొస్తుండగా షుగర్ లోఫ్ కొస మబ్బులో కనిపించకపోయినా నిరాశపడొద్దు. స్కిరిడ్ దానికంటే 110 మీటర్లు తక్కువ, చాలాసార్లు అది మూసుకున్నప్పుడు ఇది తేటగానే ఉంటుంది. స్కిరిడ్ కొస కూడా కనిపించకపోతే ఎక్కి లాభం లేదు. దృశ్యం బాగా కనిపించే రోజుకీ నేల ఆరిన రోజుకీ పొంతన కుదరకపోవడం ఈ కొండతో వచ్చిన చిక్కు. వాన పట్టీ దాటిపోయి, గాలి వాయవ్యం వైపుకి తిరిగిన రోజు గాలి కడిగేసినట్టుంటుంది, యాభై కిలోమీటర్ల అవతల కూడా గీత గీసినట్టు కనిపిస్తుంది. అడవిలో మాత్రం చీలమండ దాకా బురద. వేసవిలో వారం రోజులు ఎండ కాస్తే నేల గట్టిగా ఉంటుంది, దూరమంతా మసక. నాన్నగారి మోకాలిని బట్టి చూస్తే నేను గట్టి నేలనే ఎంచుకుంటాను. మార్చిలో మీకు నాలుగైదు రోజులు వానలేని వరస దొరికితే ఆ చివరి రోజు పట్టుకోండి. మార్చి చివరి ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుగుతాయి, ఆ తర్వాత సాయంత్రం ఏడున్నర దాకా వెలుతురే.

పైకెళ్లాక ఏం చూస్తున్నారో తెలియాలి కదా. ట్రిగ్ పాయింట్ దగ్గర నిలబడి పడమరకి తిరగండి. ఎదురుగా ఆరు కిలోమీటర్లలో షుగర్ లోఫ్, శంకువు ఆకారం. రెండింటి మధ్య లోయలోంచి హెరెఫర్డ్ వెళ్లే ఏ465 రోడ్డూ రైలు పట్టాలూ పోతుంటాయి. మీ బాబు అక్కడే అతుక్కుపోతాడు. నైరుతిలో ఉన్న పెద్ద మొద్దు కొండ బ్లోరెంజ్, 561 మీటర్లు. దాని వెనక బ్లేనావన్, ఒకప్పటి బొగ్గు, ఇనుము ఊరు, 2000లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. దక్షిణాన అస్క్ నది లోయ. తేటగా ఉన్న రోజున ఇంకా అవతల సెవర్న్ నది సముద్రంలో కలిసే మెరుపు. అది దాటితే మీ ఇల్లే.

తూర్పుకి తిరిగితే లోకం మారిపోతుంది. కొండలు ఆగిపోయి, కంచెల మధ్య పచ్చటి గడ్డి పొలాలు ఇంగ్లండ్‌లోకి పోతూనే ఉంటాయి. ఈ నేల కోసమే నార్మన్ దొరలు గ్రాస్మాంట్, స్కెన్‌ఫ్రిత్, వైట్ కాజిల్ అని మూడు కోటలు కట్టారు. వైట్ కాజిల్ ఇక్కడికి ఐదు కిలోమీటర్లే. ఆ మైదానం అవతల, దాదాపు 36 కిలోమీటర్ల దూరంలో నెత్తిన చెట్ల గుంపుతో ఒక గుండ్రటి గుట్ట కనిపిస్తే అది మే హిల్. 1887లో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవానికి అక్కడ చెట్లు నాటారు, ఈ చుట్టుపక్కల ఏ కొండ ఎక్కినా దిక్కు తెలుసుకోడానికి అదే గుర్తు. దానికి ఎడమగా, 50 కిలోమీటర్ల దూరాన, మైదానం మీద సన్నగా లేచిన గొలుసు మాల్వెర్న్ కొండలు. ఉత్తరాన గోడ కట్టినట్టున్న పొడుగాటి కొండ హాటరల్. దాని వెన్ను మీదుగానే ఇంగ్లండ్, వేల్స్ సరిహద్దు పోతుంది, ఓఫాస్ డైక్ కాలిబాట కూడా. 8వ శతాబ్దంలో మధ్య ఇంగ్లండ్‌లోని మెర్సియా రాజ్యాన్ని ఏలిన ఓఫా పేరు మీద 1971లో తెరిచిన 285 కిలోమీటర్ల బాట అది. స్కిరిడ్ మీదుగా పోతుందని కొందరు పొరబడతారు, పోదు.

ఫోటోల కోసమైతే ఉదయం షుగర్ లోఫ్ వైపు, సాయంత్రం తూర్పు పొలాల వైపు. అటుదిటైతే ఎండ ఎదురుకొట్టి అన్నీ నల్లగా వస్తాయి. డ్రోన్ తేవద్దు, నేషనల్ ట్రస్ట్ తన నేల మీదినుంచి ఎగరేయనివ్వదు.

శిఖరం మీద పక్కపక్కన నిలబెట్టిన రెండు రాళ్లు చూస్తారు. సెయింట్ మైకేల్ పేరిట ఉండిన చిన్న ప్రార్థన మందిరం వాకిలి అది, మిగిలింది అంతే. ఇంగ్లండ్‌లో కాథలిక్కుల మీద నిర్బంధం ఉన్న రోజుల్లో కూడా వాళ్లు ఇక్కడికి రహస్యంగా ఎక్కి వచ్చేవారు. సెప్టెంబర్ 29న, మైకేల్ పండుగ నాడు వచ్చినవాళ్లకి పాప పరిహారం ప్రకటిస్తూ 1676లో పోప్ పదో క్లెమెంట్ ఆజ్ఞ ఇచ్చాడు. ఈ కొండకి పవిత్ర కొండ అనే పేరు అలా నిలిచింది. చుట్టుపక్కల రైతులు ఇక్కడి మట్టి పట్టుకెళ్లి పొలాల్లో చల్లేవారు, శవపేటికల మీదా వేసేవారు. కొండ పడమటి పక్కన పెద్ద కోత కనిపిస్తుంది. ఏసుక్రీస్తు శిలువ మీద ప్రాణం విడిచిన క్షణాన పగిలిందని కథ. జాక్ ఓ కెంట్ అనే మాయగాడు షుగర్ లోఫ్ మీంచి దూకినప్పుడు మడమ దిగిందని ఇంకో కథ. నిజానికది కొండచరియ: కింది మెత్తటి మడ్‌స్టోన్ పైనున్న ఇసుకరాయి బరువుని మోయలేక జారింది. అడవిలో మీ బూటు జారేదీ ఆ జాతి మట్టి మీదే. శిఖరం దగ్గర, ముఖ్యంగా ఆ పడమటి అంచు దగ్గర, బాబు చెయ్యి వదలొద్దు. మందిరం రాళ్లు కదపడం, పేర్లు చెక్కడం, రాళ్లు పేర్చడం చేయనివ్వకండి. బొమ్మ దిగడానికి ఆ రెండు రాళ్ల మధ్య నిలబడితే చాలు.

యాప్‌లలో ఈ కొండకు చుట్టూ తిరిగొచ్చే దారి చూపిస్తారు. అడవి పైగేటు దగ్గర ఎడమకు తిరిగి, చరియ కిందుగా పడమటి పక్కన నడిచి, ఉత్తరపు కొస నుంచి శిఖరం ఎక్కడం. అందమైన దారే, జనం తక్కువ. కానీ ఆ ఉత్తరపు ముఖం బాగా నిటారు. మీరూ మీ స్నేహితులూ ఇంకోసారి వచ్చినప్పుడు అటునుంచి ఎక్కి వెన్ను మీదుగా దిగండి. ఎప్పుడూ నిటారు వైపు ఎక్కాలి గానీ దిగకూడదు. ఈసారి మాత్రం వెళ్లిన దారినే తిరిగి రండి. పైన హఠాత్తుగా మబ్బు కమ్మితే జనం చేసే తప్పు కూడా ఇదే: స్తంభం చుట్టూ ఫోటోలు దిగి, దిక్కు తప్పి ఉత్తరం వైపు దిగిపోతారు. ఫోన్‌లో దిక్సూచి చూసి దక్షిణం వైపు, వెన్ను నడుమనే ఉండి నడవండి. ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) పటం నంబర్ ఓఎల్13. యాప్ వాడితే ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, చలికి ఫోన్ చార్జి తొందరగా దిగుతుందని గుర్తుంచుకోండి.

మార్చి, ఏప్రిల్ అంటే గొర్రెలు ఈనే కాలం. పిల్లల్ని చూసి బాబు పరిగెత్తితే తల్లి బెదిరి పిల్లని వదిలేస్తుంది, దూరం నుంచే చూపించండి. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. మే తర్వాత వస్తే బ్రాకెన్ అనే ఫెర్న్ నడుం ఎత్తు పెరిగి ఉంటుంది, అందులో పిడుదులు ఉంటాయి. ఇంటికెళ్లాక మోకాళ్ల వెనక, చంకల్లో చూడాలి. కరిచి ఉంటే చర్మానికి ఆనించి పట్టకారుతో నిటారుగా లాగాలి, నలపకూడదు. తర్వాతి వారాల్లో అక్కడ గుండ్రంగా ఎర్రగా పాకితే జీపీకి, అంటే మీ పేటలోని డాక్టర్‌కి చూపించాలి.

ఏదైనా జరిగితే 999. ముందు పోలీస్ అడగాలి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అనాలి. నేరుగా అంబులెన్స్ అడిగితే కొండ మీదికి మనిషి చేరడం ఆలస్యమవుతుంది. ఈ ప్రాంతం చూసేది లాంగ్‌టౌన్ జట్టు, అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు, డబ్బు తీసుకోరు. శిఖరం గ్రిడ్ సంఖ్య (పటంలో చోటు చెప్పే గుర్తు) ఎస్‌ఓ 331 182, ఫోన్‌లో రాసి పెట్టుకోండి. అమ్మానాన్నల ఫోన్లలో ఇండియా సిమ్ ఉన్నా ఫర్వాలేదు, వాళ్లకి అలవాటైన 112 ఇక్కడా పనిచేస్తుంది. చీలమండ మెలిక పడితే అబర్గవెన్నీలోని నెవిల్ హాల్ ఆస్పత్రిలో చిన్న గాయాల విభాగం ఉంది. పెద్ద అత్యవసర విభాగం 2020 నవంబర్ నుంచి కూమ్‌బ్రాన్ దగ్గరి గ్రేంజ్ ఆస్పత్రిలో ఉంది, కాబట్టి తల దెబ్బలూ ఛాతీ నొప్పులూ అక్కడికే.

వచ్చిన రోజున గాలి ఎక్కువైతేనో, నాన్నగారు కొండని చూసి తల అడ్డంగా ఊపితేనో ఏం చేయాలో కూడా అనుకుని ఉంచండి. హే-ఆన్-వై వైపు గాస్పెల్ పాస్ అని ఉంది, వేల్స్‌లోకెల్లా ఎత్తయిన కనుమ రోడ్డు, 549 మీటర్లు. స్కిరిడ్ శిఖరం కంటే ఎత్తుకి కారులోనే వెళ్తారన్నమాట. అక్కడినుంచి ఉత్తరాన వై నది లోయంతా కనిపిస్తుంది, పెద్దవాళ్లు బండిలో కూర్చునే చూడొచ్చు. కాళ్లు సహకరించినవాళ్లు 677 మీటర్ల హే బ్లఫ్‌కి 130 మీటర్లు ఎక్కితే సరి. దారిలో లాంథొనీ మఠం శిథిలాలు తగులుతాయి, అది చాలు ఒక పూటకి. ఆ రోడ్డు ఒక్క బండి పట్టేంతే; ఎదురుగా ఎవరొచ్చినా ఒకరు వెనక్కి పోవాలి. రివర్స్ తీయడానికి జంకే డ్రైవరైతే, ఉదయం తొమ్మిదింటికి ముందే కనుమ దాటేయడం మేలు. వెన్ను మీద నడక కావాలి, బురద మెట్లు వద్దు అనుకుంటే కింగ్టన్ దగ్గర హెర్గెస్ట్ రిడ్జ్ చూడండి. 426 మీటర్లు, గడ్డి దారి, ఎక్కుడు నెమ్మదిగా సాగుతుంది. ఓఫాస్ డైక్ బాట నిజంగా దాని మీదుగానే పోతుంది. బ్రిస్టల్ నుంచి స్కిరిడ్ కంటే ఎక్కువ దూరం, అదొక్కటే ఇబ్బంది.